గండిపేట ఎగువ ఊళ్లు

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కి, పోలీస్ అకాడమీ కూడలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటితే పట్నం వెనకబడిపోతుంది. అంతదాకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వచ్చిన మేడలు పలచబడి, రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు మొదలవుతాయి. చెట్ల వెనక ఎర్రచెలకలు, చేమంతి మడులు, పాలకూర, కొత్తిమీర తోటలు. వాటి నడుమ కడీలు పాతి ముళ్లతీగ చుట్టిన జాగాలు. పెద్ద ఇనుప గేటు, గేటు పక్కన వాచ్‌మన్ గది, లోపలెక్కడో మామిడిచెట్ల మధ్య ఒక ఫామ్‌హౌస్. ఇంకా లోపలికి వెళితే వెంచర్లు. రంగులేసిన కమాను, వరసగా వీధిదీపాల స్తంభాలు, గడ్డిలో మునిగిపోయిన హద్దురాళ్లు. వందల ప్లాట్లున్న చోట కట్టిన ఇళ్లు నాలుగో ఐదో కనిపిస్తాయి. ఆ వెంచరుకు కాస్త అవతల పాత ఊరు ఉంటుంది. దానికి సొంత బొడ్రాయి, పోచమ్మ గుడి, బడి, కుంట ఉంటాయి.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఈ పలచని ప్రాంతం గురించి. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, శంషాబాద్ మండలాల్లో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల చుట్టూ, ముఖ్యంగా వాటికి ఎగువన ఉన్న ఊళ్ల గురించి. ఉస్మాన్ సాగర్ అంటే మనం గండిపేట అని పిలుచుకునే చెరువే. చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్లు ఇట్లా పలచగా ఉండటం వల్ల మేలు పొందింది హైదరాబాద్. ఆ మేలుకు ఖర్చు భరించింది ఈ ఊళ్ల రైతులు. ఆ ఖర్చులో తన వంతు పట్నం ఇంతవరకు చెల్లించలేదు. ఇప్పుడైనా చెల్లించాలి.

ఈ తావును ఊరనాలా, పట్నమనాలా అన్నది ప్రభుత్వ లెక్కలకు కూడా తేలని సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఒక గ్రామాన్ని పట్టణం కింద రాసుకోవడానికి మూడు షరతులు పెట్టారు. కనీసం 5,000 మంది జనం ఉండాలి. పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మందికి సేద్యం కాని పని ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఈ ఊళ్లలో పొద్దున్నే బస్టాపు దగ్గర నిలబడి చూడండి. మగవాళ్లు డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా, ఎలక్ట్రీషియన్లుగా, కాలేజీల్లో అటెండర్లుగా పట్నం దారి పడుతుంటారు. పనిని బట్టి చూస్తే ఇది పట్నం. జాగాకూ జనానికీ ఉన్న లెక్క చూస్తే పల్లె. ఈ మధ్య ఏళ్లలో శంకర్‌పల్లి లాంటివి మునిసిపాలిటీలయ్యాయి. పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చిన చోట ఇంటిపన్ను తీరు మారుతుంది, సర్పంచి ఉండడు, ఊరి వాళ్లంతా ఒకచోట కూర్చునే గ్రామసభ ఉండదు, ఉపాధి హామీ పని కూడా ఉండదు. బోర్డు మారినంత మాత్రాన ఎండాకాలంలో ఆ పని మీద బతికే కైకిలి ఆడవాళ్లకు పట్నపు పని దొరికిపోదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఆ ఇళ్లలో చిన్న విషయం కాదు.

కోట్ల జనం ఉండే పట్నం పక్కనే ఇంత జాగా ఎట్లా మిగిలింది? దానికి 1908 దాకా వెనక్కి పోవాలి.

ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను తుడిచిపెట్టింది. వేలమంది చనిపోయారు. మళ్లీ అట్లాంటిది రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన మొదట పట్నాన్ని కాక, పట్నానికి పడమర ఉన్న ఈ ఎగువ నేలను లెక్కగట్టాడు. మూసీలోకి నీళ్లు దించే నేల 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు, కుంటలు. అంటే దాదాపు మైలుకొక చెరువు. ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి. శంషాబాద్‌లో ఒక్క రోజులోనే 12 అంగుళాలకు పైగా వాన పడిందని నమోదైంది. పట్నాన్ని ముంచిన నీళ్లలో పెద్ద భాగం ఈ ఊళ్ల మీద కురిసి, ఒక్కొక్క కట్టా తెంచుకుంటూ కిందికి దిగి వచ్చినవే.

ఆయన ఇచ్చిన సలహా మీదనే రెండు పెద్ద చెరువులు లేచాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్. రెండింటికీ రెండేసి పనులు. వాన ఎక్కువైతే నీటిని ఆపి, కొంచెం కొంచెంగా కిందికి వదలాలి. వాన పోయాక పట్నానికి తాగునీరివ్వాలి. గండిపేట నీళ్లు మోటారు అక్కర లేకుండా వాలు మీదనే కాలువలో నడిచి ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి చేరేవి. ఇప్పుడు మనం తాగే కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో, కరెంటు మోటార్లతో ఎక్కించి తెస్తున్నారు. ఆ కరెంటు బిల్లు తలుచుకున్నప్పుడల్లా గండిపేట కట్టిన వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది నాకు.

ఈ పడమటి ఊళ్లకూ పట్నానికీ నీటి బంధం ఇంకా పాతది. హుస్సేన్ సాగర్ కుతుబ్ షాహీల కాలంలో, 1562లో కట్టిన చెరువు. దానికి నీళ్లు తెచ్చిన బుల్కాపూర్ నాలా శంకర్‌పల్లి మండలంలోని బుల్కాపూర్ దగ్గర మొదలవుతుంది. దారిలో ఎన్నో కుంటలను నింపుకుంటూ వచ్చేది. ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద సాయంకాలం గాలికి నిలబడే వాళ్లలో ఎంతమందికి ఆ ఊరి పేరు తెలుసు? ఆ నాలా మీద చాలా చోట్ల కట్టడాలు లేచాయి. నీటి దారి మీద ఇల్లు కడితే నీళ్లు దారి మానవు, ఇంట్లోకి వస్తాయి. పడమటి హైదరాబాద్‌లో ప్రతి పెద్దవానకూ మనం చూస్తున్నది అదే.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. 1990ల నాటికి పట్నం పడమటి వైపు పాకడం మొదలుపెట్టింది. చెరువుల్లోకి మురుగు, ఫ్యాక్టరీల విషం చేరితే పట్నానికి తాగునీరు ఉండదని నిపుణులు హెచ్చరించారు. 1996 మార్చి 8న ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. ఇక్కడి వాళ్లు దాన్ని ఒక్క ముక్కలో ‘ట్రిపుల్ వన్’ అంటారు. రెండు చెరువుల నిండు నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల దాకా కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు పెట్టకూడదు. లేఅవుట్ వేస్తే నూటికి 60 వంతుల జాగా రోడ్లకూ ఖాళీ స్థలానికీ వదలాలి. కట్టడాల మొత్తం విస్తీర్ణం జాగాలో సగానికి మించకూడదు. ఈ గీత లోపల పడ్డవి 84 గ్రామాలు. ఎకరాల్లో చూస్తే లక్షకు పైమాటే.

మరుసటి ఏడాదే ఆ గీతకు పరీక్ష వచ్చింది. హిమాయత్ సాగర్ పరివాహకంలోని పెద్దషాపూర్‌లో ఆముదంతో రసాయనాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. 1999లోనూ, 2000లోనూ వచ్చిన ఆ తీర్పులను మన దేశంలో పర్యావరణ చట్టం చదివే ప్రతి విద్యార్థీ చదువుతాడు. తాగునీటికి హాని జరిగాక చూద్దాం అనడానికి వీల్లేదు, హాని జరగదని నిరూపించవలసిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే అన్నది కోర్టు. ప్రభుత్వం తాను పెట్టుకున్న నియమాన్ని ఒకరి కోసం సడలించడం చెల్లదన్నది. దేశానికి దారి చూపిన తీర్పు మన పెద్దషాపూర్ కేసులోంచి పుట్టింది. అందుకు మనం గర్వపడాలి.

ఇక్కడి నుంచి నేను రైతు వైపు నిలబడి మాట్లాడతాను. ఎందుకంటే ఈ మంచి నియమం బరువు ఎవరి నెత్తిన పడిందో పట్నంలో కూర్చుంటే కనిపించదు.

గండిపేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కోకాపేట ఉంది. 2023 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం భూములు వేలం వేస్తే ఒక ఎకరం 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. అదే నెలలో మొయినాబాద్ మండలంలో అంతే నేల, అదే ఎర్రమట్టి ఉన్న రైతు తన ఎకరాన్ని నివాస కాలనీకి ఇవ్వడానికి వీల్లేదు, ఫ్యాక్టరీకి ఇవ్వడానికి వీల్లేదు. అమ్మితే తోటలకనో, ఫామ్‌హౌస్‌కనో కొనే పెద్దమనిషికి అమ్మాలి. ఆ పెద్దమనిషి జీవో పేరు చెప్పే ధర తగ్గించి అడుగుతాడు. ఆడపిల్ల పెళ్లికో, దవాఖానా ఖర్చుకో, ఎండిపోయిన బోరు పక్కన ఇంకో బోరు వేసిన అప్పుకో అమ్మక తప్పని రైతు ఆ ధరకు అమ్మాడు. ఆగగలిగినవాడు కొన్నాడు, ఆగలేనివాడు అమ్మాడు. ఇరవై ఐదేళ్లలో ఈ 84 ఊళ్ల భూమి చేతులు మారిన తీరు ఇది.

ఒక ఊళ్లో పెద్దమ్మ ఒకావిడ ఈ సంగతి నాకన్నా బాగా చెప్పింది. “పట్నపోల్లు నీళ్లు తాగాలె, మీరు ఆగాలె అన్నరు సారూ. ఆగినం. మా పోరగాండ్ల పెండ్లిళ్లు ఆగుతయా, అప్పులోల్లు ఆగుతరా?” ఆమె జీవోను తిట్టలేదు. చెరువు పాడుకావాలని కోరుకోలేదు. ఆమె తాగింది కూడా ఆ నీళ్లే. ఆగమన్నవాళ్లు ఆగినందుకు ఏమిచ్చారన్నదే ఆమె ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఇచ్చింది ఏమీ లేదు.

ఇంకొక అన్యాయం కూడా జరిగింది. నియమం బీదవాడి దగ్గర గట్టిగా, ఉన్నవాడి దగ్గర మెత్తగా నడిచింది. గీత లోపలనే ఫంక్షన్ హాళ్లు లేచాయి, కాలేజీలు లేచాయి, రిసార్టులు లేచాయి. ఎత్తైన ప్రహరీల వెనక ఈత కొలనులు లేచాయి. ఊరి రైతు తన కొడుకు కోసం ఇంకో రెండు గదులు వేసుకోబోతే అనుమతి కాగితం అడిగారు. ఒక ప్రహరీ లేస్తే దాంతోపాటు మూడు పోతాయి. బండ్లబాట పోతుంది. ఊరి నక్షలో ఆ బాట ఉంటుంది, నేల మీద ఉండదు. వానకు మాత్రమే పారే ఒర్రె పోతుంది. అది ఎండాకాలంలో ఇసుక గీతలా ఉంటుంది కాబట్టి కొనేవాడికి ఖాళీ జాగాలాగే కనబడుతుంది, దాని మీద మట్టి పోసి చదును చేస్తారు. మేకలు తిరిగే బీడు పోతుంది. ఒర్రె పోయిన చోట దిగువ కుంట నిండదు. కుంట నిండకపోతే దాని కింది బావులు, బోర్లు ఊరవు. ఈ ప్రాంతమంతా గట్టి రాతి నేల. నీళ్లు రాయి పగుళ్లలో మాత్రమే నిలుస్తాయి. కుంటలు ఉన్నన్నాళ్లు కొద్ది లోతులో దొరికిన నీటి కోసం ఇప్పుడు వెయ్యి అడుగులు తవ్వే బోరు బండ్లు తిరుగుతున్నాయి.

2022 ఏప్రిల్ 12న ప్రభుత్వం 69వ నంబరు జీవోతో ఈ ఆంక్షలను తీసేస్తున్నట్టు చెప్పింది. పట్నం ఇప్పుడు ఈ చెరువుల మీద ఆధారపడటం లేదన్నది కారణం. చెరువుల నీరు చెడకుండా చూడటానికి ఏ నియమాలు పెట్టాలో చెప్పడానికి ఒక కమిటీ వేసింది. 2023 మేలో మంత్రివర్గం 111ను రద్దు చేస్తున్నామంది, కానీ ఆ మాట వెంటనే నేల మీద అమలు కాలేదు. ఊళ్లలో కొందరు టపాకాయలు కాల్చారు. వాళ్ల సంతోషాన్ని నేను తప్పుపట్టను. అన్నేళ్లు కట్టేసిన చేతులకు కట్టు విప్పుతామంటే ఎవరికి సంతోషం ఉండదు? కానీ ఆ కారణాన్ని మాత్రం ఒప్పుకోలేను. తాగునీరు ఈ చెరువుల రెండు పనుల్లో ఒకటి. వరదను ఆపడం రెండోది. 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన రాత్రి, ఆ తర్వాత ఏళ్లలో రెండు చెరువుల గేట్లూ ఎత్తిన రోజుల్లో మూసీ ఒడ్డున ఉండే బస్తీలు ఎట్లా భయపడ్డాయో మనమంతా చూశాం. ఎగువన చెలకలూ తోటలూ ఉంటే వాన నీళ్లలో కొంత నేలలోకి ఇంకి, కొంత కుంటల్లో నిలిచి, మెల్లగా చెరువుకు చేరతాయి. ఆ నేలంతా సిమెంటు అయితే అదే వాన గంటల్లో చెరువు మీద పడుతుంది. అప్పుడు గేట్లు ఇంకా త్వరగా, ఇంకా ఎత్తుగా లేపాలి. విశ్వేశ్వరయ్య లెక్కగట్టిన నేల ఇప్పటికీ అదే నేల, వాలు ఇప్పటికీ పట్నం వైపే.

ఇక వెంచర్లలో ఇల్లు కట్టుకున్నవాళ్ల మాట. వాళ్లను తప్పుపట్టే రచనలు చాలా చూశాను. అది న్యాయం కాదు. ఒక చిన్న ఉద్యోగి, ఒక టీచరు, దుబాయిలో ఏళ్ల తరబడి కష్టపడి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్, వీళ్లకు పట్నం లోపల గజం జాగా కొనే శక్తి లేదు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. రెండు గుంటలో మూడు గుంటలో ‘ఫామ్ ప్లాటు’ పేరుతో అమ్ముతుంటే, కమాను చూసి, బ్రోచరు చూసి, ‘రేపోమాపో జీవో పోతుంది’ అన్న మాట నమ్మి కొన్నారు. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి లేదన్నది బ్రోచరులో ఉండదు. కొన్నది వ్యవసాయ భూమి. దాన్ని నివాస భూమిగా మార్చే అనుమతి ఒకటుంటుందనీ, లేఅవుట్‌కు మంజూరు వేరే ఉంటుందనీ చాలామందికి కొన్నాకే తెలిసింది.

అయినా కొందరు వచ్చి ఇళ్లు కట్టుకుని ఉంటున్నారు. వాళ్ల బతుకు కూడా చూడాలి. చుట్టూ ఖాళీ ప్లాట్లు, రాత్రి దీపం లేని వీధి. వెంచరు వేసినవాడు ప్లాట్లన్నీ అమ్ముడయ్యే వరకు వీధిదీపాలు వెలిగిస్తాడు, తర్వాత ఆ కరెంటు బిల్లు ఎవరిదన్న ప్రశ్న మొదలవుతుంది. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు. ఉన్నవి నాలుగే ఇళ్లు కాబట్టి ట్యాంకరువాడు అడిగినంత ఇవ్వాలి. వానాకాలం రక్తపింజర్లు మెట్ల మీదికి వస్తాయి, కుక్కలు గుంపులుగా తిరుగుతాయి. ఇంటి నంబరు ఉండదు. సిలిండరు తెచ్చేవాడికి, అంబులెన్సుకు “ఊరు దాటినంక నీళ్లట్యాంకు, దాని పక్క కమాను, లోపల మూడో సందు” అని ఫోనులో దారి చెబుతూ ఉండాలి. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిన మనిషి ఇంట్లోవాళ్లు ఆ దారి చెప్పవలసి రావడం ఎంత భయంకరమో ఊహించండి. ఆ వీధిలో ఆడుకోవడానికి ఇంకో పిల్లవాడు లేని పిల్లలున్నారు.

ఊరికీ వెంచరుకూ మధ్య మొదట్లో మాటలుండవు. ఊరివాళ్లకు వాళ్లు గేటు లోపలి మనుషులు. వాళ్లకు ఊరు దాటిపోయే దారి మాత్రమే. పాలు పోసే మనిషి, ఇంటిపని చేసే ఆమె, బోరు మోటారు బాగుచేసే కుర్రాడు ఈ రెంటినీ కలుపుతారు. కొన్ని చోట్ల వెంచరు ఆడవాళ్లు సద్దుల బతుకమ్మనాడు తమ బతుకమ్మలు ఎత్తుకుని ఊరి కుంటకు వస్తున్నారు. కుంటలో నీళ్లున్నాయా లేవా అన్నది ఆ రోజు ఇద్దరికీ ఒకే ప్రశ్న అవుతుంది. ఒర్రె ఎవరు పూడ్చారన్నది కూడా ఆ కట్ట మీదనే మాట్లాడుకోవచ్చు. అట్లా మాట్లాడుకున్న చోట పనులు జరుగుతాయి. ఇది నేను గట్టిగా నమ్మే సంగతి.

వెంచర్ల గురించి చెబుతూ ఈ నేల ఇంకా పంట నేలేనన్నది మరిచిపోకూడదు. హైదరాబాద్ ఇళ్లలో దేవుడి పటానికి పెట్టే చేమంతుల్లో, బంతుల్లో, గులాబీల్లో ఎన్నో ఈ చుట్టుపక్కల పూసినవే. తెల్లవారకముందే ఆటో ట్రాలీల్లో గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు పోతాయి. పాలీహౌస్‌లలో జర్బెరా పెంచే యువ రైతులున్నారు. చేవెళ్ల వైపు క్యారెట్, టమాట, ఆకుకూరలు. పాలకూర కోసిన కొన్ని గంటలకు వాడిపోవడం మొదలుపెడుతుంది. కాబట్టి అది మార్కెట్‌కు దగ్గరగానే పండాలి, దూరం నుంచి తెస్తే బండి కిరాయి కూడా రాదు. పట్నం పక్కన పంట నేల ఉండటం అవసరమన్నది ఇంత సూటి లెక్క. అయినా పూలు కోసే కైకిలి ఆడవాళ్లు దొరకడం లేదని రైతులంటున్నారు. వాళ్లు ఫామ్‌హౌస్ పనికో, పట్నంలో అపార్ట్‌మెంట్ పనికో పోతున్నారు. అక్కడ నెలకింత అని చేతికి వస్తుంది, వానకూ ఎండకూ పని ఆగదు. వాళ్లనీ ఏమనగలం?

రోడ్డు గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. నేను మొదట చెప్పిన ఆ మర్రిచెట్లు పోలీస్ అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. దాదాపు 900 చెట్లు. రోడ్డు విస్తరణ కోసం వాటిని కొట్టేయాలన్నప్పుడు పట్నంలోని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. పని ఏళ్లతరబడి ఆగింది. 2025 నవంబరు 3న పొద్దున, తాండూరు నుంచి పట్నం వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్ ఢీకొన్నది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. చనిపోయిన వాళ్లలో సెలవు ముగించుకుని కాలేజీలకు వెళుతున్న ఆడపిల్లలున్నారు. ఆ రోజు తర్వాత చెట్ల పక్షం, రోడ్డు పక్షం అని రెండుగా చీలి అరుచుకున్నారు. నాకు ఆ అరుపులు బాధ కలిగించాయి. చెట్లను మధ్యలో ఉంచి, ఒక పక్కన కొత్త దారి వేసే పద్ధతి మన ఇంజనీర్లకు తెలియనిది కాదు, కొన్ని చెట్లను వేళ్లతో సహా తరలించడమూ తెలుసు. పట్నపు మేడలకు కంకర మోసే టిప్పర్లూ, పట్నానికి చదువుకు పోయే పిల్లల బస్సూ ఒకే ఇరుకు దారిలో ఎదురుపడటం అన్నేళ్లు సాగనిచ్చింది ఎవరన్నదే అడగవలసిన ప్రశ్న. ఆ టిప్పర్లకు వేళలు పెట్టడానికి ఒక్క చెట్టూ కొట్టనక్కర లేదు.

ఇక చేయవలసిన పనుల గురించి. ముందు ఇంకో పట్నం ఏం చేసిందో చూద్దాం. న్యూయార్క్ నగరం తాగే నీళ్లలో ఎక్కువ భాగం క్యాట్‌స్కిల్, డెలావేర్ నదీ ప్రాంతాల కొండ ఊళ్ల నుంచి వస్తుంది. 1990ల్లో ఆ నీళ్లకు పెద్ద వడపోత కేంద్రం కట్టమని అక్కడి కేంద్ర ప్రభుత్వం ఒత్తిడి పెట్టింది. వేల కోట్ల ఖర్చు. ఆ నగరం వేరే దారి పట్టింది. 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందం రాసుకుంది. రైతుల పశువుల కొట్టాల నుంచి పేడ నీళ్లు వాగులో కలవకుండా కట్టే కట్టడాలకు నగరం డబ్బిచ్చింది. ఊళ్లలో పాడైన సెప్టిక్ ట్యాంకుల మరమ్మతుకు ఇచ్చింది. భూమి కావలసిన చోట, అమ్మడానికి ఇష్టపడినవాళ్ల దగ్గర మాత్రమే కొన్నది. అక్కడా గొడవలున్నాయి, అక్కడి రైతులకూ ఫిర్యాదులున్నాయి. కానీ పట్నం తాగే నీళ్లకు ఎగువ ఊరికి పట్నమే చెల్లించాలన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టారు. మన 84 ఊళ్లకు అట్లాంటి కాగితం ఒక్కటీ లేదు. మనం వాళ్లకు ఇచ్చింది నిషేధాల జాబితా, ఆ తర్వాత దాన్ని తీసేస్తామన్న హామీ. రెండింటిలోనూ రైతు చేతికి ఒక్క రూపాయి రాలేదు.

హైదరాబాద్ జలమండలి నెలనెలా వేసే బిల్లులో ఈ ఊళ్ల వాటా ఒకటి ఉండాలని నేను కోరుతున్నాను. ఆ డబ్బు నేరుగా తోట వేసిన రైతుకూ, చెలకను చెలకగా ఉంచిన రైతుకూ ఎకరం లెక్కన ఏటా చేరాలి. ఒర్రెను పూడ్చకుండా ఉంచినవాడికి ఇంకొంచెం ఎక్కువ చేరాలి. ఊళ్లలోనూ వెంచర్లలోనూ సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీ ఆ మురుగును ఏ ఒర్రెలో వదిలి పోతోందో ఇప్పుడు అడిగేవాడు లేడు. మండలానికొక మురుగు శుద్ధి కేంద్రం పెట్టి, లారీలు అక్కడే వదలాలని కట్టడి చేయాలి. పూల రైతుకు, కూరగాయల రైతుకు తెల్లవారుజామున పట్నం చేరే ఒక బస్సో ట్రాలీయో ఆర్టీసీ నడపాలి. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఆడపిల్లలకు ఆఖరి బస్సు ఉండాలి. ఇళ్లు పలచగా ఉన్నాయి కాబట్టి బస్సు గిట్టుబాటు కాదన్న లెక్కను ఒప్పుకోకూడదు. పలచగా ఉండమని చెప్పింది మనమే.

చివరగా ఈ వైపు జాగా కొనాలనుకుంటున్న శ్రోతలకు ఒక మాట. కొనే ముందు తహసీల్దార్ కార్యాలయంలో ఊరి నక్ష అడిగి చూడండి. మీ సర్వే నంబరులో గీత ఒకటి వంకరగా పోతూ కనిపిస్తే అది ఒర్రె గానీ, కాలువ గానీ, బండ్లబాట గానీ అయి ఉంటుంది. చెరువు శిఖంలోనో, నిండు నీటిమట్టం లోపలనో ఉందేమో నీటిపారుదల శాఖ మ్యాపు చూడండి. ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లి, కుంట కట్ట దగ్గర కూర్చున్న పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: పెద్దవాన పడ్డప్పుడు ఇక్కడ నీళ్లు ఏ దారిన పోతాయని. వాళ్లు చేయి చాచి చూపిస్తారు. ఆ చేయి మీరు కొనబోయే ప్లాటు మీదుగా పోతే, బయానా ఇవ్వకుండా తిరిగి రండి.